ఏ డిస్కులో ఉందమ్మా?

వడపళనిలో మా స్టూడియోకు బోర్డు లేదు. ఇంటి కింది భాగం స్టూడియో, పై భాగంలో యజమాని గారు, అమ్మగారు ఉంటారు. తమిళ సీరియళ్లకూ సినిమాలకూ తెలుగు డబ్బింగు చెప్పించడం మా పని. నేను అక్కడ లెక్కలు రాయడానికి చేరాను. నాయుడుపేటలో బీకాం చదివి, పెళ్లయ్యాక మద్రాసు వచ్చినదాన్ని. ఉద్యోగంలో చేరేనాటికి సర్వరు అంటే నాకు హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషే. మానేసి వెళ్లినవాళ్ల పని ఒక్కొక్కటే నా బల్ల మీదకు చేరుతూ వచ్చింది. ముందు జీఎస్టీ, తర్వాత కళాకారుల డేట్లు, చివరికి మూలన గుర్రుమంటూ కూర్చున్న ఆ నల్లపెట్టె, అంటే రికార్డింగులన్నీ దాచే మా సర్వరు.

ఆ పెట్టెను 2018లో ఒక కుర్రవాడు అమర్చి వెళ్లాడు. సెంట్‌ఓఎస్ 7 అనే లినక్సు వేసి, అడిగినచోటల్లా ఎంటర్ కొట్టి, పాస్‌వర్డు ఒక పసుపు కాగితం మీద రాసి ఇచ్చాడు. అంతకు మించి ఒక్క ముక్క రాసి పెట్టలేదు. అందులో ఒకే డిస్కు, 2 టెరాబైట్లది. మా స్టూడియో గొంతు మొత్తం దాని మీదే ఉండేది.

2023 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, ఏడుపు సన్నివేశం ఆరో టేకులో, రికార్డింగు దానంతట అదే ఆగిపోయింది. రికార్డింగు గదిలో కళాకారిణి నిజంగానే కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, బాగా వచ్చిన టేకు అదొక్కటే అంది. మా సౌండ్ ఇంజనీరు తమిళుడు. తెలుగు బాగానే మాట్లాడతాడు కానీ కంగారులో తమిళమే వస్తుంది. "ఇడం ఇల్లై" అన్నాడు. చోటు లేదట.

నేను పసుపు కాగితం తీసి లోపలికి వెళ్లి, ఎక్కడ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండు కొట్టాను. మా ఫైళ్లుండే హోమ్ అనే చోట నూటికి నూరు శాతం అని చూపించింది. ఒక్కోసారి చెరిపేసిన ఫైలును ఏదో ప్రోగ్రాము ఇంకా పట్టుకుని ఉంటే ఆ చోటు తిరిగి రాదని ఎక్కడో చదివాను. అదీ చూశాను, అలాంటిదేమీ లేదు. నిజంగానే నిండింది. లెక్క వేస్తే ఆశ్చర్యపోవలసింది కూడా ఏమీ లేదు. మేము 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో రికార్డు చేస్తాం. ఒక ట్రాకు నిమిషానికి 8.6 మెగాబైట్లు తింటుంది. ఒక్కో పాత్రకు ఒక ట్రాకు, ఒక్కో లూపుకు, అంటే ఒక్కో డైలాగు ముక్కకు, నాలుగైదు టేకులు, పైన నిర్మాతలు పంపే బొమ్మ (వీడియో) ఫైళ్లు. అయిదేళ్లు ఆగిందంటేనే గొప్ప.

పాతవి చెరిపేద్దామంటే యజమాని గారు ఒప్పుకోరు. ఆయన 1974లో తెనాలి నుంచి మద్రాసు వచ్చి, టేపుల కాలంలో సౌండు నేర్చుకున్న మనిషి. తెలుగు సినిమా హైదరాబాదు తరలిపోయినా ఆయన కోడంబాకం చుట్టుపక్కలే ఉండిపోయారు. అయిదేళ్ల తర్వాత నిర్మాత వచ్చి ఒక్క డైలాగు కావాలంటే ఏం చెబుతావమ్మా అంటారు. నిజానికి అలా వచ్చినవాళ్లు ఇద్దరే. కానీ ఆ ఇద్దరి కథా నేను ఇరవైసార్లు విన్నాను.

కాబట్టి కొత్త డిస్కు కొనడమే. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళ్లి మరో 2 టెరాబైట్ల డిస్కు తెచ్చాను. తగిలించాక తెర మీద 1.8 అని కనిపించింది. యజమాని గారు కళ్లజోడు సవరించుకుని చూసి, "మిగతా 200 ఎవరు తిన్నారు?" అన్నారు. తయారు చేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కపెడతారని, మిషను 1,024 చొప్పున లెక్కపెడుతుందని చెప్పాను. మా తెనాలిలో పాల వ్యాపారి కూడా ఇలాగే చెప్పేవాడన్నారు.

ఇక్కడి నుంచి నాకు తెలియదు. మా పిన్ని కొడుకు బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాడు, ఇలాంటి పెట్టెలు కొన్ని వందలు చూసుకోవడమే వాడి ఉద్యోగం. వాడికి ఫోను చేశాను. కొత్త డిస్కును వేరే ఫోల్డరుగా పెట్టుకోవచ్చు కదా అని నా ఆలోచన. వాడు ఒక కమాండు చెప్పి కొట్టమన్నాడు. ఎల్ఎస్‌బీఎల్‌కే. డిస్కుల చెట్టు తెర మీద పరుచుకుంది. పాత డిస్కు కింద రెండు భాగాలు. మొదటిది ఒక గిగాబైటుది, పేరు బూట్. రెండోది మిగిలినదంతా, దాని కింద మళ్లీ మూడు కొమ్మలు. సిస్టమ్ ఉండే రూట్ 50 గిగాబైట్లు, మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్ కొంచెం, తక్కినదంతా హోమ్.

"అక్కా, అదృష్టం. ఎల్‌వీఎం ఉంది" అన్నాడు. సెంట్‌ఓఎస్ 7 ఏమీ అడగకుండా వేస్తే అలాగే పంచుతుందట. మొదటి భాగం మీద ఒక్క ముక్క కూడా మాట్లాడుకోకుండా ఇద్దరం ముందుకు వెళ్లిపోయాం. ఆ ఒక గిగాబైటు నన్ను తర్వాత ఏడిపించింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఎల్‌వీఎం అంటే ఏమిటో వాడు ఇంజనీరులా చెప్పబోతే ఆపి, మా అమ్మమ్మ ఇంట్లో గాదెలా చెప్పమన్నాను. గాదెతోనే నాకు అర్థమైంది. మూడు పొలాల వడ్లు ఒకే గాదెలో పోస్తాం. ఒక్కో పొలం ఒక్కో డిస్కు, దాన్ని ఫిజికల్ వాల్యూమ్ అంటారు. గాదె వాల్యూమ్ గ్రూపు. గాదెలో నుంచి ఇంటి తిండికి ఇంత, విత్తనాలకు ఇంత అని కొలిచి తీసి పెట్టుకున్నవి లాజికల్ వాల్యూములు. కొలిచే కుంచం పేరు ఎక్స్‌టెంట్. మామూలుగా ఒక్కో కుంచం 4 మెగాబైట్లు. 2 టెరాబైట్ల డిస్కులో అలాంటివి సుమారు 4 లక్షల 76 వేలు పడతాయి. హోమ్ అనే వాల్యూముకు ఏ కుంచం ఏ పొలంలోదో పట్టదు. వరసగా కనిపిస్తే చాలు. లినక్సులో దీన్ని 1998లో హైన్స్ మావెల్స్‌హాగెన్ అనే ఆయన మొదట రాశాడు. హెచ్‌పీ వాళ్ల యూనిక్సులో అప్పటికే ఉన్న పద్ధతి చూసి అదే తీరులో కట్టాడు.

పని పది నిమిషాలు కూడా పట్టలేదు. కొత్త డిస్కు మీద ముందు ఒక పార్టిషన్, అంటే భాగం, వేయమన్నాడు. ఉత్త డిస్కును అలాగే ఇచ్చినా ఎల్‌వీఎం తీసుకుంటుంది కానీ, రేపు ఇంకెవరో వచ్చి పార్టిషన్ లేదు కాబట్టి ఖాళీ డిస్కు అనుకుని దాని మీద ఇంకేదో వేసేస్తారట. పసుపు కాగితం తప్ప మరేదీ లేని చోట ఈ జాగ్రత్త నాకు నచ్చింది. తర్వాత పీవీక్రియేట్‌తో దాని మీద ఎల్‌వీఎం ముద్ర వేశాను. వీజీఎక్స్‌టెండ్‌తో గాదెలో కలిపాను. చివరిది ఎల్‌వీఎక్స్‌టెండ్.

దీని దగ్గర వాడు నన్ను చాలాసేపు నిలబెట్టాడు. పరిమాణం చెప్పడానికి పెద్ద ఎల్ అక్షరం వేరు, చిన్న ఎల్ అక్షరం వేరు. పెద్దది గిగాబైట్లలో, చిన్నది కుంచాల్లో లేదా శాతాల్లో. అంకెకు ముందు ప్లస్ గుర్తు పెడితే ఉన్నదానికి అంత కలుపుతుంది. పెట్టకపోతే మొత్తం అంతే ఉండాలని అర్థం చేసుకుంటుంది. ఎల్‌వీరీసైజ్ అనే అన్న ఒకడున్నాడు, వాడి జోలికి పోవద్దన్నాడు. ప్లస్ మరిచిపోతే వాడు తగ్గించడానికి కూడా సిద్ధమవుతాడు. ఎల్‌వీఎక్స్‌టెండ్ అయితే ఇది ఇప్పుడున్న దానికంటే పెద్దది కాదు అని మొరాయించి ఆగిపోతుంది. కమాండు పేరే రక్షణగా ఉండటం నాకు వింతగా అనిపించింది. ఆ తర్వాత నుంచి ఏది కొట్టినా ఇది తప్పయితే ఎటువైపు తప్పుతుందని ముందు అడుగుతున్నాను.

ఇంకొకటి, చిన్న ఆర్ అక్షరం. వాల్యూము పెద్దదైనంత మాత్రాన దాని మీద ఫైళ్లను సర్దిపెట్టే ఫైలు సిస్టమ్‌కు ఆ సంగతి తెలియదు. గది పెంచి గోడ కొట్టకపోయినట్టే. ఆర్ పెడితే రెండూ ఒకేసారి పెరుగుతాయి. స్టూడియో నడుస్తుండగానే, లోపల ఎవరో విలన్ గొంతుతో అరుస్తుండగానే కొట్టాను. ఎంత ఇవ్వాలని వాడు అడిగితే అంతా అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, కొంచెం ఉంచుకోకూడదా అక్కా అన్నాడు. ఉంచుకుని ఏం చేసుకుంటానురా అన్నాను. మిగిలినదంతా అని రాసి ఎంటర్ కొట్టాను. డీఎఫ్ చూస్తే నూరు శాతం యాభైకి దిగింది. ఒక్కరి పనీ ఆగలేదు. ఆ రోజు నేను ఇంటికి నడుచుకుంటూ కాదు, తేలుకుంటూ వెళ్లాను.

మర్నాడు యజమాని గారు వచ్చి అడిగారు. "ఇప్పుడు కొత్త సినిమా ఏ డిస్కులో ఉందమ్మా?"

"రెండూ కలిసిపోయాయి సార్. ఇక ఒకటే" అన్నాను.

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఆయన గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. టేపుల పెట్టెల మీద ఎర్ర సిరాతో సినిమా పేరు, రీలు నంబరు, తేదీ. ఏది అడిగినా కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి తీస్తారు. "కలిసిపోవడం సరే, ఒకటి పోతే ఏది పోతుంది?" అన్నారు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రెండు నెలలు బాగానే గడిచాయి. నవంబరు మొదట్లో కళాకారుల డేట్లు రాసుకునే డేటాబేసు తెరుచుకోలేదు. ఈసారి నిండింది హోమ్ కాదు, 50 గిగాబైట్ల రూట్. నిర్మాతలు పంపే బొమ్మ ఫైళ్లు ముందు అక్కడ దిగి తర్వాత హోమ్‌కు వెళతాయి. ఒకాయన పూర్తి సినిమా ఒకే ఫైలుగా పంపాడు. ముందుగా చేయవలసింది చేశాను. ఆ ఫైళ్లు దిగే చోటును హోమ్‌లోకి మార్చాను, పాత లాగ్‌లు తీసేశాను. ఊపిరి ఆడింది కానీ చోటు ఇంకా బిగుతే. రూట్‌కు ఇంకో 30 గిగాబైట్లు కలుపుదామని, గాదె లెక్క చూపే వీజీఎస్ కొట్టి చూస్తే ఖాళీ అని రాసిన చోట సున్నా. అంతా నేనే హోమ్‌కు రాసిచ్చేశాను.

హోమ్‌లో టెరాబైటున్నర పైగా ఖాళీగా పడి ఉంది, అందులోంచి 30 తీయి అన్నాను తమ్ముడితో. వాడు నవ్వలేదు. హోమ్ ఎక్స్ఎఫ్ఎస్ అక్కా అన్నాడు. ఎక్స్‌ట్4 అనే ఇంకో రకం ఫైలు సిస్టమ్ అయితే ఆపి, తనిఖీ చేసి, చిన్నది చేయవచ్చు. మన దగ్గరున్న ఎక్స్ఎఫ్ఎస్ పెరగడమే తప్ప తగ్గదు. సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్లు 1990లలో తమ పెద్ద మిషన్ల కోసం చేసుకున్న ఫైలు సిస్టమ్ అది, తగ్గవలసిన అవసరం వాళ్లకెప్పుడూ వచ్చి ఉండదు. మా పిల్లవాడి చొక్కాల్లాగా అన్నమాట. తగ్గించాలంటే ఒకటే దారి. మొత్తం వేరే చోటికి తీసి, వాల్యూము చెరిపి, చిన్నది చేసి, తిరిగి పోయాలి.

ఆ మాటల మధ్యే వాడు మామూలుగా అడిగాడు. "పాత డిస్కు అయిదేళ్లది కదా, ఒకసారి స్మార్ట్ లెక్కలు చూశావా?" చూడలేదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలవి. చూశాను. డిస్కు తన మీద పాడైన సెక్టార్లను గుర్తించి, వాటి బదులు అట్టేపెట్టుకున్న వాటిని వాడుకుంటుంది. అలా మార్చిన వాటి లెక్క 40 అని ఉంది. మర్నాడు 56. నాలుగో రోజు 112. చదవలేక పెండింగులో ఉన్నవి మాత్రం ఇంకా సున్నా. "అది సున్నా కాకముందే కదిలించాలి. అవి వచ్చాయంటే ఈ పద్ధతి పనికిరాదు, డీడీరెస్క్యూ అని వేరే కథ" అన్నాడు.

అప్పుడు పెద్దాయన ప్రశ్న గుర్తొచ్చింది. వాల్యూముల జాబితా చూపే ఎల్‌వీఎస్ కమాండుకు డివైసులు కూడా చూపించమని ఒక మాట కలిపి కొట్టాను. హోమ్ పేరు రెండు వరసల్లో వచ్చింది. మొదటి సగం పాత డిస్కులో, రెండో సగం కొత్త డిస్కులో. కానీ ఫైలు సిస్టమ్ ఒకటే. పాత డిస్కు చస్తే పోయేది సగం సినిమాలు కాదు. ఆ ఫైలు సిస్టమ్ మొత్తం చిల్లులు పడుతుంది, కొత్త డిస్కులో క్షేమంగా ఉన్న సగానికీ దారి చూపే పట్టికలు పాత డిస్కులో ఉండవచ్చు. సెప్టెంబరులో నేను చోటు పెంచానని తేలుతూ ఇంటికి వెళ్లిన రోజున నిజంగా చేసిందేమిటంటే, ఒక డిస్కు పోతే పోయే స్టూడియోను, రెండింటిలో ఏది పోయినా పోయే స్టూడియోగా మార్చాను. గాదెలో ఒక మూల తడి తగిలితే బూజు ఆ మూలనే ఆగదని అమ్మమ్మ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు తట్టనే లేదు.

ఈ సంగతి యజమాని గారికి చెప్పడం కమాండ్లన్నిటికంటే కష్టమైంది. ఆయన కోప్పడలేదు. "ఏం కావాలో కొనుక్కురా" అన్నారు.

మళ్లీ రిచీ స్ట్రీట్. ఈసారి 4 టెరాబైట్లది. దీనికి పార్టిషన్ పట్టిక జీపీటీ పద్ధతిలోనే వేయాలి, పాత ఎంబీఆర్ పద్ధతి 2 టెరాబైట్లు దాటి చూడలేదు. డిస్కుల పని మొదలుపెట్టే ముందు రెండు రాత్రులు బ్యాకప్‌కే పోయాయి. పూర్తయిన సినిమాలు యూఎస్‌బీ డిస్కుల మీద ముందే ఉన్నాయి. జరుగుతున్న పనులు లేవు, వాటిని ఆర్‌సింక్‌తో కాపీ చేశాను. ఎల్‌వీఎం తన పటాన్ని మామూలు అక్షరాల ఫైలుగా రూట్‌లో ఒక ఫోల్డరులో రాసుకుంటుంది. రూట్ కూడా ఆ పాత డిస్కు మీదే ఉంది కదా, ఇంట్లో తాళంచెవి ఇంట్లోనే పెట్టి తాళం వేసినట్టు. దాన్ని పెన్‌డ్రైవులోకి తీసుకున్నాను.

దీపావళి తర్వాత ఒక శనివారం, రాత్రి తొమ్మిదికి రికార్డింగులు ముగిశాక మొదలుపెట్టాను. మా ఆయనకు ఫోను చేసి ఈ రాత్రి రానని చెప్పాను. అమ్మగారు పైన పక్క వేశారు కానీ నేను కిందే కూర్చున్నాను. యజమాని గారు కూడా కిందికి వచ్చి సోఫాలో కూర్చున్నారు. 4 టెరాబైట్లను గాదెలో కలిపి, స్క్రీన్ అనే దాని లోపల పీవీమూవ్ కొట్టాను. పాత డిస్కు మీదున్న కుంచాలన్నీ కొత్తదాని మీదకు. నా కిటికీ మూసుకుపోయినా పని ఆగకుండా ఉండటానికి ఆ స్క్రీన్. ఇది నత్తలా నెమ్మది. ముందు అద్దంలో ప్రతిబింబంలా రెండుచోట్లా ఒకటే రాస్తుంది, రెండూ సమానమయ్యాక పాతదాన్ని వదిలేస్తుంది. ఆ మధ్యలో ఎవరైనా ఫైళ్లు వాడుకుంటున్నా ఫరవాలేదు. నిమిషానికొకసారి శాతం చూపించమని చెప్పాను. 0.4. 0.7. 0.9.

ఆయన టేపుల సంగతులు చెబుతూ ఉన్నారు. టేపును అతికించడానికి బ్లేడుతో ఏటవాలుగా కోసేవారట, నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమని వినిపిస్తుందట. పన్నెండింటికి ఆయన నిద్రపోయారు. ఒంటిగంట దాటాక బయట వాన అందుకుంది. ఒంటిగంటా పదికి కరెంటు పోయింది. యూపీఎస్ ఇరవై నిమిషాలు ఆగాలి. నాలుగు నిమిషాలు ఆగింది. తెర మీద చివరిగా చూసిన అంకె 67.

చీకట్లో నేను చేయగలిగింది ఏమీ లేదు. తమ్ముణ్ణి లేపాను. "ఏమీ కాదు అక్కా, పీవీమూవ్ మధ్యలో ఆగితే మళ్లీ పేరు ఒక్కటే కొట్టు, ఆగిన చోటు నుంచి అందుకుంటుంది" అన్నాడు. రెండున్నరకు కరెంటు వచ్చింది. మిషను లేచింది. హోమ్ తెరుచుకుంది, ఫైళ్లన్నీ ఉన్నాయి. పీవీమూవ్ కొట్టాను. కదిలింది. శాతం చూస్తే ఒకటి కూడా లేదు.

నాలుగు గంటల పని మళ్లీ మొదటికి. వాడు కూడా కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత చదివి చెప్పాడు. పీవీమూవ్ ఒక్కో తునకను కదిలిస్తుంది, తునక పూర్తయినప్పుడే ఇంతవరకు అయిందని గుర్తు రాసుకుంటుంది. స్వాప్ చిన్న తునక కాబట్టి దాని గుర్తు పడింది. హోమ్ తొలి సగం మాత్రం వరసగా ఒకే పెద్ద తునక. అందులో 67 శాతం అయినా, 99 శాతం అయినా, మధ్యలో గుర్తు లేదు. పోయిందేమీ లేదు, పాతచోట అంతా అలాగే ఉంది. పోయింది నా రాత్రి.

ఎంత చదివినా ఈ ఒక్క సంగతి ముందుగా నాకు ఎక్కడా తగల్లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను. దీనికి మందు కూడా పీవీమూవ్‌లోనే ఉంది. డిస్కు పేరు తర్వాత కోలన్ పెట్టి, ఎన్నో కుంచం నుంచి ఎన్నో కుంచం వరకు అని రాస్తే అంతవరకే కదిలిస్తుంది. నడుస్తున్నదాన్ని అబార్ట్ అని చెప్పి ఆపాను. అప్పటికే చేరినవి కొత్తచోట, చేరనివి పాతచోట ఉండిపోతాయి, కంగారు లేదు. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు, అమ్మగారు పెట్టిన ఇడ్లీ తిని, యాభై వేల కుంచాల చొప్పున మొదలుపెట్టాను. ఒక్కోటి సుమారు 195 గిగాబైట్లు, ముక్కకు నలభై నిమిషాలు. పది ముక్కలు. ప్రతి ముక్క పూర్తయినప్పుడూ యజమాని గారు కాగితం మీద ఒక గీత గీశారు. మూడో గీత, నాలుగో గీత. మధ్యాహ్నం ఒకసారి దీపాలు మిణుక్కుమంటే ఇద్దరం ఒకేసారి సీలింగు వైపు చూశాం. కానీ ఆగలేదు. నాలుగు గంటలకు పదో గీత గీశారు. డిస్కుల లెక్క చూపే పీవీఎస్‌లో పాత డిస్కు ఎదురుగా మొత్తం ఎంతో ఖాళీ అంతే. వీజీరెడ్యూస్‌తో దాన్ని గాదె నుంచి వేరు చేసి, పీవీరిమూవ్‌తో ముద్ర తీసేశాను.

మిషను ఆపి మూత తీశాం. లోపల ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండు డిస్కులు కవలల్లా ఉన్నాయి. ఏది పాతది? తెర మీద ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉన్నవి ఇక్కడ వాటి ఒంటి మీద రాసి ఉండవు. పైగా ఆ అక్షరాలు మిషను లేచినప్పుడల్లా అలాగే ఉంటాయన్న హామీ కూడా లేదు. ఎల్‌వీఎం వాటిని పట్టించుకోదు, డిస్కు మీద తాను రాసుకున్న గుర్తును బట్టి పోల్చుకుంటుంది. మనుషులకు ఆ వీలు లేదు. మూత పెట్టి, మళ్లీ లేపి, ఎల్ఎస్‌బీఎల్‌కేతో సీరియల్ నంబర్లు రాసుకుని, మళ్లీ ఆపి, టార్చి వేసి చూసి తీశాను. తొందరపడి చేతికి దగ్గరున్నది లాగి ఉంటే అది సెప్టెంబరులో కొన్నది.

సరైనదే తీశాను. మూత బిగించి మీట నొక్కాను. నల్ల తెర మీద, లేవడానికి తగిన పరికరం లేదని ఒకే ఒక్క వాక్యం వచ్చింది.

ఆ ఒక గిగాబైటు. బూట్. అది ఎల్‌వీఎంలో భాగమే కాదు, పక్కన విడిగా ఉన్న పార్టిషన్. మిషనుకు ప్రాణం పోసేది అదే. పీవీమూవ్ దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోదు కూడా. మొదటి రోజు ఎల్ఎస్‌బీఎల్‌కేలో అందరికంటే పైన కనిపించింది, ఇద్దరం చూసీ చూడనట్టు దాటేశాం. పాత డిస్కు మళ్లీ తగిలిస్తే మిషను లేచింది. పాత బండి తాళంచెవి తప్ప ఇంకేమీ లేని డిస్కు మీద సోమవారం స్టూడియో నడిచింది. నేను రిచీ స్ట్రీట్‌లో చిన్న ఎస్ఎస్‌డీ కొన్నాను. ఆ సాయంత్రం దాని మీద ఒక పార్టిషన్ చేసి, బూట్ ఫైళ్లన్నీ కాపీ చేసి, ఏ భాగం ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌టాబ్‌లో కొత్త గుర్తు రాసి, మిషనును లేపే గ్రబ్ అనే ప్రోగ్రాము అందులో వేసి, దాని పట్టిక తిరగరాయించాను. రాయడానికి ఒక్క వాక్యం, చేయడానికి రెండు గంటలు, ఫోనులో తమ్ముడి గొంతు పోయింది. ఈసారి పాత డిస్కు తీశాక లేచింది.

చివరగా రూట్‌కు 30 గిగాబైట్లు కలిపాను. ఎల్‌వీఎక్స్‌టెండ్, పెద్ద ఎల్, ప్లస్, 30, చిన్న ఆర్. కళ్లు మూసుకుని కొట్టగలను ఇప్పుడు. మిగిలిన టెరాబైటున్నర పైచిలుకు ఎవరికీ ఇవ్వలేదు. ఇంజనీరు రెండుసార్లు అడిగాడు. నిండినప్పుడు చూద్దామన్నాను, పెంచడానికి అర నిమిషం చాలు. హోమ్ ఇంకా రెండు డిస్కుల మీదే ఉంది, ఏది పోయినా కష్టమే. మరో 4 టెరాబైట్లది కొని ఒకదానికి ఒకటి నకలుగా రెయిడ్1 చేయించాలని కాగితం మీద రాసి యజమాని గారి బల్ల మీద పెట్టాను. అంతవరకు వారానికి రెండు రాత్రులు యూఎస్‌బీ డిస్కులకు కాపీ. యూపీఎస్ బ్యాటరీ మాత్రం వెంటనే మార్పించారు.

ఎల్‌వీఎస్ చూపించిన పట్టికను అచ్చు తీసి నల్లపెట్టె మూతకు లోపలివైపు అతికించాను. ఏ వాల్యూము, ఏ డిస్కు, సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు. యజమాని గారు ప్రతి డిస్కుకూ ఎర్ర సిరాతో చీటీ రాసి అంటించారు. పాత డిస్కు చేతిలో పట్టుకుని, "దీని మీద ఖాళీ అని రాయనా?" అన్నారు.

ఎల్‌వీఎం లెక్కలో ఖాళీయే. కానీ పీవీరిమూవ్ తీసేసింది ముద్రను మాత్రమే, అయిదేళ్ల గొంతులు దాని పళ్లేల మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరికైనా అమ్మేముందు పూర్తిగా చెరపాలి, చెరిపేయనా సార్ అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా పైకి వెళ్లిపోయారు.

పక్షం రోజులకు మిచౌంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 4న మా వీధిలో నీళ్లు గేటు మెట్ల దాకా ఎక్కాయి. మిషను పద్ధతిగా ఆపి, నేనూ ఇంజనీరూ చెరో వైపు పట్టుకుని మేడ మీదకు చేర్చాం. రెండోసారి దిగేసరికి యజమాని గారు బీరువా తెరిచి టేపుల పెట్టెలు ఒక్కొక్కటే అమ్మగారి చేతికి అందిస్తున్నారు. వాటితో పాటు ఒక డిస్కు కూడా ఉంది. చీటీ మీద ఎర్ర సిరాతో, పాతది, 2018 నుంచి 2023, చెరపలేదు అని రాసి ఉంది.